కట్టెల మోపులో పాము

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 28:1-10)

 

ఇది మన తోటపల్లి గూడూరు ప్రాంతంలో దొడ్లు బాగుచేసుకొనే కాలం. తెలంగాణలోను గోదావరి జిల్లాలలోను వానలు తగ్గి, శరదృతువు ఆకాశం తేటపడే ఈ రోజులలోనే మన నెల్లూరు తీరానికి అసలు వానలు మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలు మనకు అన్నం పెట్టే వానలు. తుపానులు లేచేది కూడా ఇప్పుడే. అందుకని కోడూరు మొదలుకొని ఈదూరు, వరిగొండ వరకు ఏ ఇంటికి వెళ్లినా ఒకటే సందడి. గడ్డివాముకు పైకప్పు సరిచేస్తుంటారు. గొడ్ల చావిడికి కొత్త తాటాకు వేస్తుంటారు. సరుగుడు కట్టెలు తడవకుండా చూరు కిందికి చేరుస్తుంటారు. రాలిన కొబ్బరి మట్టలు ఒకచోట కుప్ప వేస్తారు. కాలువలో పూడిక తీస్తారు, కంచెకు పాత కంప పీకి కొత్త కంప కడతారు. మన క్రైస్తవ కుటుంబాలకు దీనితోపాటు ఇంకో రెండు పనులు ఉంటాయి. నవంబరు 2వ తేదీ పాటించే సంఘాలవారు అంతకు ముందే సమాధుల తోటలో ఏడాది పాటు పెరిగిన ముళ్లపొదలు కొట్టాలి. ఆ తరువాత క్రిస్మస్ వచ్చేస్తుంది గనుక ఇంటికి సున్నం వేయాలి.

ఈ పనిలో చెయ్యి పెట్టిన ప్రతివారికి చెప్పుకోవడానికి ఒక సంగతి ఉంటుంది. సంవత్సరమంతా కదపని ఇటుకల గుట్ట కదిపితే జెర్రిపోతు బయటికి సాగుతుంది. తాటాకు లాగితే గుడ్లగూబ కళ్లు తెరిచి చూస్తుంది. కోళ్లగూటి వెనక ముంగిస కనబడుతుంది. బావిగట్టు పొదలో నుండి ఉడుము లేచి పరుగెత్తితే ఇంటిల్లిపాదీ కేకలు పెడతారు. చెరువు ఒడ్డున జమ్ము కోస్తుంటే నీటికోడి గూడు, అందులో గుడ్లు. ఇవన్నీ మన ఇంటికి నాలుగు గజాల దూరంలోనే కాపురం ఉన్నాయి. మనం చీపురు, పార పట్టేదాకా ఆ సంగతి మనకు తెలియదు.

ఈ రోజు వాక్యభాగములో పరిశుద్ధుడైన అపొస్తలుడు కూడా ఇటువంటి పనిలోనే ఉన్నాడు. కాలం కూడా ఇంచుమించు ఇదే. 27వ అధ్యాయము 9వ వచనములో ఉపవాసదినము అప్పటికే దాటిపోయిందని లూకా గుర్తు వేశాడు. అది యూదుల ప్రాయశ్చిత్త దినము, మన లెక్కకు సెప్టెంబరులో గాని అక్టోబరులో గాని వస్తుంది. ఆ తరువాతనే ఓడ కదిలింది. పద్నాలుగు రాత్రులు తుపానులో కొట్టుకుపోయింది. కాబట్టి 276 మంది మెలితే ద్వీపం ఒడ్డుకు చేరింది దాదాపు ఈ దినములలోనే. ఆ మెలితేను ఇప్పుడు మాల్టా అంటున్నారు. ముసురు పట్టిన వాన, ఒళ్లంతా తడిసి వణుకుతున్న మనుషులు. ద్వీపవాసులు ముక్కూ మొహం తెలియని ఆ జనానికి చలిమంట వేసి అందరినీ దగ్గరకు రానిచ్చారు. లూకా వారి దయను గురించి ప్రత్యేకముగా రాశాడు.

ఆ మంట దగ్గర పౌలు ఏమి చేస్తున్నాడు? అంతకు ముందు ఓడలో అందరికీ ధైర్యం చెప్పినవాడు ఆయనే. దేవదూత వచ్చి మాట్లాడింది ఆయనతోనే. అటువంటివాడు ఒక పక్కన కూర్చొని, "నేను సేవకుడను, నాకు వేడినీళ్లు తెండి" అనలేదు. వానలో తిరిగి ఎండుపుల్లలు ఏరి మోపు కట్టి తెచ్చాడు. ఈ మాట నాలాంటి పాస్టర్ల కోసం ఒకసారి ఆగి చెప్పుకోవాలి. గుడి దొడ్డి శుభ్రం చేసే రోజున కుర్చీ వేయించుకొని చూసే అయ్యగారికి ఈ వచనములో చోటు లేదు.

ఆయన పుల్లలు మంట మీద వేయగానే వేడి తగిలి లోపల ఉన్న పాము బయటికి వచ్చి చెయ్యి పట్టుకొన్నది. ఇందులో వింత ఏమీ లేదు. చలికి, తడికి బిగుసుకొని పుల్లల మధ్య ముడుచుకొన్న పాము చూపుకు ఇంకొక పుల్లలాగే ఉంటుంది. వేడి తగిలితే దానికి కదలిక వస్తుంది. మన దొడ్లలో కట్టెలు ఎత్తే ప్రతి స్త్రీకి ఇది తెలుసు. ఇప్పుడు ఆ ద్వీపంలో ప్రమాదకరమైన విషసర్పాలు లేవని, మరి లూకా చెప్పింది ఏ జాతి పాము అని పండితులు చాలా కాగితాలు నింపారు. సెమినరీలో మేము కూడా దానిమీద ఒక పూట వాదించుకొన్నాము. నాకు మాత్రం పాము కంటే దాని చుట్టూ నిలబడిన మనుషులు ఏమన్నారో అది ముఖ్యంగా కనబడుతుంది.

వారు మొదట అన్నది: వీడు హంతకుడై ఉంటాడు, సముద్రం వదిలినా న్యాయదేవత వదలలేదు. పౌలు ఆ పామును మంటలో జాడించి వేసి నిలబడ్డాడు. ఒళ్లు వాస్తుందేమో, ఉన్నట్టుండి పడిపోతాడేమో అని వారు కనిపెట్టుకొని చూశారు. పింజర జాతి కాటుకు వాపు వస్తుందని వారికి అనుభవం ఉన్నట్టుంది. ఎంతసేపటికీ ఏమీ కాకపోయేసరికి మాట మార్చి, ఈయన ఒక దేవుడు అన్నారు. చూడండి, ఒకే గంటలో ఒక మనిషిని హంతకుడిని చేశారు, దేవుడినీ చేశారు. రెండూ తప్పే. కాటు పడితే పాపి, బ్రతికితే దేవుడు. నడుమ ఉన్న సాదా సంగతి, చలికి పుల్లలలో ముడుచుకొన్న పాము వేడికి కరిచిందన్నది, ఎవరి నోటా రాలేదు.

ప్రియులారా, ఆ ద్వీపవాసులను చూసి మనం నవ్వలేము. కొన్నేళ్ల క్రితం రాత్రి పదకొండు గంటలప్పుడు మా తలుపు తట్టారు. ఒక సహోదరి, వెంట ఇద్దరు చిన్న పిల్లలు. వాన వస్తుందని భర్త సాయంత్రం గడ్డివాము సర్దుతుంటే పాము కరిచింది. పిక్క పైన తాడుతో బిగించి కట్టారు. ముందు మంత్రం వేసే అతని దగ్గరకు తీసుకుపోయారు. రెండు గంటలు గడిచిన తరువాత, "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అని మా ఇంటికి తెచ్చారు. వాకిట్లో ఆటో ఆగి ఉంది. "అమ్మా, ప్రార్థన బండిలో చేద్దాం, ఎక్కండి" అన్నాను. నెల్లూరు పెద్దాసుపత్రి దాకా దారి పొడవునా ప్రార్థన చేశాము. అది రక్తపింజర కాటు. మూత్రపిండాలు దెబ్బతిని చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు గాని దేవుడు ఆయనను బ్రతికించాడు.

మూడో రోజు వరండాలో ఆ సహోదరి నన్ను అడిగిన మాట నేటికీ నా చెవిలో ఉంది. "అయ్యగారూ, మా ఇంట్లో ఏం తప్పు జరిగిందని వచ్చింది ఈ పాము?" ఊరిలో అప్పటికే మాటలు పుట్టాయి. దశమభాగం ఎగ్గొట్టారని ఒకరు, అత్తను చూడలేదని ఒకరు. ఇవి అన్నవారు మన సంఘస్థులే, ఆదివారం ముందు వరసలో కూర్చొనేవారే. నేను ఆమెతో, "అమ్మా, గడ్డివాములో ఎలుకలు ఉన్నాయి. ఎలుకల కోసం పాము వచ్చింది. మీ ఆయన చెయ్యి తగిలి కాలు దాని మీద పడింది. అంతే" అన్నాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. మూడు దినములు ఆమెను కాల్చింది విషం గురించిన భయం ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది.

పుట్టుగుడ్డివానిని చూసి, ఎవరు పాపం చేసినందుకు ఇలా పుట్టాడని శిష్యులు అడిగారు. యోహాను 9వ అధ్యాయములో ఉన్నది. ప్రభువు ఆ ప్రశ్ననే కొట్టివేశాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వారు మిగతావారికంటె పాపులు అనుకోవద్దని లూకా 13లో గట్టిగా చెప్పాడు. ఇంత స్పష్టంగా ప్రభువు చెప్పిన తరువాత కూడా, కాటు పడిన ఇంటి ముందు నిలబడి లెక్కలు తీసే అధికారం మనకు ఎవరిచ్చారు?

ఈ లెక్కల వల్ల నష్టం మాటలతో పోదు, ప్రాణాలతో పోతుంది. పాము కాటు సిగ్గుపడే సంగతి అయితే ఇంటివారు దాచుకొంటారు. శాపం అయితే శాపం తీసేవాని దగ్గరకు పోతారు. ఈలోగా విషం తన పని తాను చేస్తుంది. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో పాము కాటుతో సంవత్సరానికి సుమారు 58,000 మంది చనిపోతున్నారు. 2000 నుండి 2019 వరకు లెక్కిస్తే దాదాపు 12 లక్షల మంది. నూటికి 94 మరణాలు పల్లెలలోనివే. నాలుగింట మూడు వంతులకు పైగా ఆసుపత్రి గడప తొక్కకుండానే జరిగినవి. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాలలో మన పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ప్రభుత్వం చేసేది చేయనివ్వండి. కాటు పడిన మొదటి గంటలో ఆ మనిషి దగ్గర ఉండేది ప్రభుత్వం కాదు, మనమే.

ఇక్కడ కొందరు విశ్వాసులు నన్ను ఆపి అడుగుతారు. "అయ్యగారూ, మార్కు 16లో పాములను పట్టుకొన్నా హాని ఉండదనే అర్థం వచ్చే మాట ఉంది గదా? 91వ కీర్తనలో నాగుపామును తొక్కుట గురించి ఉంది గదా? ఆసుపత్రికి పోతే అవిశ్వాసం కాదా?" నిజాయితీగా అడిగే ప్రశ్న ఇది, నిజాయితీగా జవాబు చెప్పాలి.

మొదట కీర్తన సంగతి. మత్తయి 4వ అధ్యాయములో అపవాది మన ప్రభువును దేవాలయ శిఖరము మీద నిలబెట్టి, దూకమని చెప్పి, వాక్యం ఎత్తి చూపాడు. ఆ వాక్యం ఏది? 91వ కీర్తనలోని 11, 12 వచనాలే. దాని పక్కనే ఉన్నది పాము మాట, 13వ వచనము. అంటే ఆ కీర్తనను పట్టుకొని దేవుని పరీక్షకు పెట్టమని మొట్టమొదట బోధించినవాడు సాతాను. ప్రభువు దూకలేదు. దూకకపోవడమే ఆయన విశ్వాసం.

మార్కు సంగతి. సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి అనే 4వ శతాబ్దపు రెండు గొప్ప వ్రాతప్రతులలో ఆ సువార్త 16వ అధ్యాయము 8వ వచనముతోనే ముగుస్తుంది. అది పక్కన పెట్టి, ఆ వచనాలను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకొన్నా, పామును వెతికి పట్టుకొమ్మని అక్కడ ఆజ్ఞ లేదు. పౌలు పామును వెతకలేదు, కట్టెలు వెతికాడు. అమెరికాలో టెనెస్సీ కొండప్రాంతంలో 1910 ప్రాంతం నుండి జార్జి వెంట్ హెన్స్‌లీ అనే బోధకుడు ఆరాధనలో విషసర్పాలను చేతబట్టడం నేర్పించాడు. 1955లో ఫ్లోరిడాలో ఒక కూటములో పాము కరిస్తే వైద్యం వద్దని చెప్పి చనిపోయాడు. అదే పద్ధతిలో ఉన్న జేమీ కూట్స్ అనే పాస్టరు 2014లో కెంటకీలో కాటు తిని, వైద్యం వద్దని ఇంటికి వెళ్లి చనిపోయాడు. వారి భక్తిని నేను ఎగతాళి చేయను. కాని అది అపొస్తలుని మాదిరి కాదు.

హిజ్కియా రాజు చావు పడక మీద ఉన్నప్పుడు ఇంకా 15 సంవత్సరములు బ్రతుకుతావని దేవుడు ప్రవక్త ద్వారా మాట ఇచ్చాడు. మాట ఇచ్చిన తరువాత యెషయా ఏమి చేయించాడు? పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. యెషయా 38:21 తీసి చూడండి. దేవుడు స్వయంగా హామీ ఇచ్చినచోట కూడా కట్టు కట్టారు. మనం ఎవరం వద్దనడానికి?

ఇక దొడ్డి పనికి వద్దాం. ప్రసంగి గ్రంథం 10వ అధ్యాయములో 8 నుండి 11 వరకు చదివితే అది మన అక్టోబరు పనుల చిట్టాలాగే ఉంటుంది. గొయ్యి తవ్వేవాడు, కంచె పీకేవాడు, రాళ్లు కదిపేవాడు, చెట్లు నరికేవాడు, వీరందరికీ ఏ పనిలో ఏ ప్రమాదం ఉందో జ్ఞాని చెబుతాడు. కంచె పీకేవానికి పాము. మొద్దు కత్తికి పదును పెట్టుకోమంటాడు. కరిచిన తరువాత మంత్రగాడు వచ్చి ఏమి లాభం అని కూడా అంటాడు. పని మానుకొమ్మని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

ఈ పనిలో నాకు గురువు ఒక యానాది పెద్దాయన. పేరు చెబితే ఆయనకు నచ్చదు. పొలాల్లో ఎలుక బొరియలు చూసి లోపల ఎలుక ఉందా పాము ఉందా చెప్పగలడు. నేను కట్టెలు ఎత్తబోతుంటే ఒకసారి ఆపాడు. "అయ్యగారూ, నేరుగా చెయ్యి పెట్టబాకండి. ముందు కర్రతో నాలుగు దెబ్బలు తట్టండి. దానికి మన మాదిరి చెవుల్లేవు గానీ, నేల అదిరితే తెలస్తాది. దోవ ఇస్తే అదే పోతాది." ఇంతకంటె మంచి పాఠం ఏ పుస్తకంలోనూ ఉండదనుకొంటాను. కట్టెలను నేల మీద పేర్చకుండా రాళ్ల మీదనో దుంగల మీదనో ఎత్తుగా, పడకకు దూరంగా పేర్చమని కూడా ఆయనే చెప్పాడు. కంపకు నిప్పు పెట్టేముందు దాన్ని కదిలించి కాసేపు ఆగమన్నాడు.

ఊరి చివర ఉంచి మనం పేరు పెట్టి పిలవని ఈ మనుషుల దగ్గర ఎంత విద్య ఉందో చూడండి. తమిళనాడులో ఇరుళర్లు అనే గిరిజనులు ఉన్నారు. పాము చర్మాల కోసం పాములు పట్టి బ్రతికేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఆ బ్రతుకుతెరువు పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో మద్రాసు దగ్గర వారు సహకార సంఘం పెట్టుకొన్నారు. పామును పట్టి, విషం తీసి, తిరిగి వదిలిపెడతారు. ఆ విషంతోనే మన ఆసుపత్రులలో ఎక్కించే విరుగుడు మందు తయారవుతుంది. ఆ సంఘానికి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. మా ఊరి నుండి ఆటోలో వెళ్లిన ఆ సహోదరుని నరాలలోకి ఎక్కిన మందు వెనుక ఎవరో ఒక ఇరుళ సోదరుని చేతి కష్టం ఉండి ఉంటుంది. మంచి సమరయుడు ఈసారి లుంగీ కట్టుకొని, చేతిలో గడ్డపలుగు పట్టుకొని వచ్చాడు.

ఇళ్లలో ఎక్కువ భయపడవలసింది కట్లపాముకు. అది రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకొన్నవారిని నిద్రలోనే కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు గనుక చీమ కుట్టిందనుకొంటారు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి ఆడదు. మంచం మీద పడుకొని, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పెట్టుకొంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మంచం లేని ఇల్లు మీ సంఘంలో ఎన్ని ఉన్నాయో పెద్దలారా, ఒకసారి లెక్క తీయండి. సంఘ వార్షికోత్సవానికి మన ముఖాలు వేసి కట్టించే ఫ్లెక్సీల డబ్బుతో నులక మంచాలు, దోమతెరలు వస్తాయి. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుందని తెలిసే చెబుతున్నాను.

డిసెంబరులో కేరల్స్‌కు బయలుదేరే యౌవనస్థులకు కూడా ఒక మాట. చీకట్లో వరి గట్ల మీదుగా చిన్న పిల్లలను రబ్బరు చెప్పులతో నడిపించకండి. ముందు ఒకరు, వెనుక ఒకరు టార్చిలైటుతో ఉండండి. బూట్లు ఉన్నవారు వేసుకోండి. డోలక్ శబ్దానికి పాములు పారిపోతాయని నమ్ముకొని దారి చూడడం మానకండి.

కాటు పడితే ఏమి చేయాలో డాక్టర్లు చెప్పే మాటలు ఇవి: మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పాలి. ఉంగరాలు, కడియాలు తీసేయాలి. కాలో చెయ్యో విరిగితే ఎలా కదలకుండా కడతామో అలా కర్ర ఆనించి కట్టాలి. బిగించి తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏవీ చేయకూడదు. పామును చంపి వెంట తేవలసిన పని లేదు, అది ఇంకొకరిని కరుస్తుంది. 108కి ఫోను చేయండి, బండి ఆలస్యం అయ్యేటట్టు ఉంటే దొరికిన బండిలో బయలుదేరండి. మీకు దగ్గరలో విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ఈ వారమే అడిగి తెలుసుకొని, గుడి గోడ మీద రాసి పెట్టండి.

ఇంతసేపు పాము గురించి చెప్పి మీకు భయం పెంచితే నా ప్రసంగం పాడైనట్టే. దొడ్డిలో కనబడే ప్రాణులలో చాలావాటివల్ల మనకు ఏ హానీ లేదు. జెర్రిపోతుకు విషం లేదు, అది తినేది ఎలుకలను. దాన్ని కొట్టి చంపితే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల కోసం నాగుపాము వస్తుంది. ఇంట్లో పిల్లలున్నచోట విషసర్పం దూరితే అటవీశాఖవారినో, పాములు పట్టడం తెలిసినవారినో పిలవండి. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, ఉడుము అన్నీ చట్టం రక్షించే ప్రాణులే. ఉడుము మాంసం నడుము నొప్పికి మంచిదని వేటాడేవారు మనలో ఇంకా ఉన్నారు. అది నేరం, వైద్యమూ కాదు.

గుడ్లగూబ అరిస్తే చావు కబురు వస్తుందని విశ్వాసుల ఇళ్లలో కూడా రాళ్లు విసురుతారు. 102వ కీర్తన రాసిన భక్తుడు తన దుఃఖమును చెప్పుకోవడానికి పక్షులను తెచ్చుకొన్నాడు. మన తెలుగు బైబిలులో వాటిలో రెండింటి పేర్లు గూడబాతు, పగిడికంటె. పగిడికంటె అంటే గుడ్లగూబే. నిద్రపట్టని భక్తునికి అది శకునంగా కనబడలేదు, తనలాగే రాత్రంతా మేల్కొని ఉన్న తోటి ప్రాణిగా కనబడింది. ఇక గూడబాతులను చూడాలంటే మనం దూరం పోనక్కరలేదు. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం 1976లో ఏర్పడింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో కలిసేవరకు అది మన నెల్లూరు జిల్లాదే. ప్రతి సంవత్సరం అక్టోబరు నుండి అవి అక్కడికి వచ్చి, చెరువు నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి. పక్షుల రెట్టలు కలిసిన ఆ నీరు పైరుకు బలమని తెలిసి ఊరివారు వాటిని కాపాడుకొంటూ వచ్చారు. పులికాటుకు వచ్చే రాజహంసల సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆకాశములోని కొంగకు సైతం తన కాలం తెలుసునని యిర్మీయా 8:7లో ప్రవక్త తన ప్రజలను గద్దించాడు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో 6, 7 వచనములు చాలామంది దాటవేసి చదువుతారు. దారిలో చెట్టు మీదనో నేల మీదనో పక్షి గూడు కనబడి, తల్లి గుడ్ల మీద కూర్చొని ఉంటే తల్లిని పట్టుకోకూడదు, దాన్ని పోనివ్వాలి అని ధర్మశాస్త్రము. జమ్ము కోసేవానికి, కంచె కొట్టేవానికి చెప్పిన మాట ఇది. ఆ చిన్న ఆజ్ఞకు దేవుడు జతచేసిన వాగ్దానం ఏమిటో తెలుసా? దీర్ఘాయువు. తల్లిదండ్రులను సన్మానించినవారికి ఇచ్చిన వాగ్దానమే ఒక పిట్టను వదిలిపెట్టినవానికి కూడా ఇచ్చాడు. సీనాయి కొండ మీద ఉరుముల మధ్య మాట్లాడిన దేవునికి నీటికోడి గూడు కూడా జ్ఞాపకం ఉంది.

అందుకని ఈ సంవత్సరం సమాధుల తోట శుభ్రం చేసేటప్పుడు ఒక మూల పొదలను అలాగే ఉంచండని మా సంఘంలో చెప్పాను. పొలం అంచులు పూర్తిగా కోయవద్దని లేవీయకాండము 19:9లో దేవుడు చెప్పింది పేదవారి కోసం. ఆ అంచు మీద పిట్టలు కూడా తింటాయి గదా. ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, సమాధుల మధ్య పాములకు ఇల్లు కట్టమంటారా?" అన్నాడు. మంచి ప్రశ్నే. నడిచే దారి, సమాధుల చుట్టూ బాగా శుభ్రం చేసి, గోడ వైపు మూల మాత్రం వదిలేద్దామని ఒప్పందానికి వచ్చాము. ఆ మూలకు పిల్లలు వెళ్లకుండా తాడు కడతామన్నారు. అది కూడా సరే అన్నాను.

పౌలు ఆ మంట దగ్గరే ఉండిపోలేదు. పామును విదిలించిన చెయ్యే తరువాత పొప్లి తండ్రి మీద ఉంచాడు. ఆ ముసలాయన జ్వరముతో, రక్తభేదితో మంచం పట్టి ఉన్నాడు. ప్రార్థించాడు, ఆయన లేచాడు. ఆ మీదట ద్వీపంలో ఉన్న రోగులు వచ్చారు. మూడు నెలలు అక్కడే ఉన్నారు. హంతకుడు అన్న నోళ్లే ఆయన ఓడ ఎక్కేటప్పుడు కావలసిన సామానులన్నీ సర్ది పంపించాయి.

ప్రార్థన చేసుకొందాము. పరలోకమందున్న మా తండ్రీ, ఈ రాత్రి నేల మీద పడుకొనే బిడ్డలను కాపాడండి. నీరు కట్టడానికి చీకట్లో పొలానికి వెళ్లే సహోదరులను, తెల్లవారుజామున కట్టెలకు వెళ్లే సహోదరీలను మీ చేతిలో ఉంచుతున్నాము. ఆసుపత్రులలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్లకు, నర్సులకు, బండ్లు నడిపేవారికి బలమివ్వండి. పాములు పట్టి మందుకు విషమిచ్చే ఆ గిరిజన కుటుంబాలను ఆశీర్వదించండి. కాటు పడిన ఇంటికి మేము వెళ్లినప్పుడు మా నోటికి కావలి ఉంచండి. తుపాను గాలిలో ఎక్కడో ఒక చెట్టు మీద రెక్కలు ముడుచుకొని ఉన్న పిట్టలను కూడా జ్ఞాపకం చేసుకోండి. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.